మన పొరపాటు

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కరించి రాస్తున్నది. నేనూ అమ్మాయీ ఇక్కడ కులాసా. మీ ఒంట్లోనూ, మీ ఓడ ఇంజనులోనూ ఏ నలతా లేదని అనుకుంటున్నాను.

కులాసా అన్న మాట అలవాటుకొద్దీ రాసేశాను. అమ్మాయి మటుకు నిజంగానే కులాసా. నా సంగతి ఉత్తరమంతా చదివాక మీరే తేల్చుకోండి. మొన్న ఓడ రేవులో ఆగినప్పుడు ఫోను చేసి, ‘ఏమిటి, గొంతు అదోలా ఉంది?’ అని అడిగారు. జలుబన్నాను. వేడినీళ్ళు తాగమన్నారు. తాగాను కూడా, అబద్ధానికి మందు వేసుకున్నట్టు. ఫోనులో చెప్పచ్చు కదా అంటారేమో. ఫోనులో అయితే మీరు మధ్యలో ‘పోనీలే’ అంటారు. మీరు పోనీలే అంటే నేను నిజంగానే పోనిచ్చేస్తాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మీరు అడిగినవాటికి అడిగిన వరసలోనే జవాబులు. వంటింటి కొళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు వచ్చాడు, కూర్చున్నాడు, లేచాడు, ‘పాతబడిపోయిందమ్మా, మార్చాలి’ అని మనకు తెలిసిన సంగతే మనకు చెప్పి వెళ్ళాడు. మార్చడానికి ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేదు. కింద గిన్నె పెట్టాను. ఆ నీళ్ళతో మీ పూలకుండీలు బతికేస్తున్నాయి కాబట్టి మీకు నష్టమేమీ లేదు.

అమ్మాయి సైకిలుకి మీరు వేయించిన చిన్న చక్రాలు రెండూ విప్పించేసుకుంది. నన్ను అడగలేదు. మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చి, ‘పడలేదమ్మా, దిగాను’ అంది, కళ్ళార్పకుండా నా మొహంలోకి చూస్తూ. అచ్చం నా పోలికే. నాన్న వచ్చేసరికి రెండు చేతులూ వదిలేసి తొక్కి చూపిస్తుందట. మీరే వచ్చి చూసుకోండి, నా గుండెకి అంత శక్తి లేదు.

మూడోది మెషినక్క సంగతి. ‘మెషినక్క పని మానేస్తోందని అమ్మాయి చెప్పింది, నిజమేనా? అంత కష్టమేమొచ్చింది?’ అని రాశారు. నిజమే. నెలాఖరుకి వెళ్ళిపోతానని చెప్పేసింది. ఆస్పత్రి లాండ్రీలో ఆ పెద్ద ఉతికే మెషిను పెట్టిన రోజు నుంచీ దాని ముందు నిలబడ్డ మనిషి. అది తిరుగుతుంటే అల్లరిపిల్లని తిట్టినట్టు తిడుతూ, ఆగిపోతే బతిమాలుతూ ఉండేది. నేను ఇస్త్రీ బల్ల దగ్గర చేరిన కొత్తలో చెయ్యి కాల్చుకుంటే తడిగుడ్డ చుట్టి, ‘ఏడవకు, కన్నీళ్ళు పడితే ఆ దుప్పటి మళ్ళీ నేనే ఉతకాలి’ అన్నది తనే. నన్ను లాండ్రీకి ఇన్‌ఛార్జిని చేశారని తెలిసిన రోజు, నాకంటే సీనియరై ఉండి కూడా, మనసులో ఏమీ పెట్టుకోకుండా ఎగిరి గంతేసింది. మిగతావాళ్ళు మేడమ్ అనడం మొదలుపెట్టినా తను ‘చెల్లీ’ అనడం మానలేదు. నేనూ మానమనలేదు.

మానేస్తానంటున్నది కాళ్ళ నొప్పులకీ కాదు, జీతానికీ కాదు. తనకి మతిమరుపు మొదలైందనుకుంటోంది. వాళ్ళ అమ్మకి అలాగే మొదలైందట. చివరికి కన్నకూతుర్నే ‘ఎవరమ్మా నువ్వు?’ అని అడిగేదట. ‘నాకూ అదే వస్తోంది చెల్లీ. ఇంకోటేదైనా పాడుచేయకముందే నేనే తప్పుకుంటాను’ అంది. ‘భయపడవద్దని చెప్పు, మంచి డాక్టరుకి చూపించమను’ అని మీరైతే అంటారు. ఆ మాట నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు మీ నాలుగో ప్రశ్నకి రావాలి.

‘ఇంతకీ రెండు పుస్తకాల్లో ఏది పనికొచ్చింది?’ అని అడిగారు. నల్లదా, పసుపుదా అని.

పోయినసారి మీ సెలవు అయిపోయి బయల్దేరేముందు పుస్తకాల షాపుకి వెళ్ళాం కదా. నన్ను ఇన్‌ఛార్జిని చేసిన కొత్త. మీరు బల్ల మీంచి ఒకటి తీశారు, నేను ఇంకొకటి తీశాను. మీది మేనేజిమెంటు పుస్తకం. నల్ల అట్ట, దిండంత లావు. అట్ట మీద కోటు తొడుక్కున్న ఒకాయన చేతులు కట్టుకుని, మనమేదో ఆయనకి సంజాయిషీ చెప్పుకోవలసినవాళ్ళలా చూస్తున్నాడు. నాది టీమ్‌వర్క్ పుస్తకం. పల్చగా, పసుపు అట్ట, ఒకరి చేతి మీద ఒకరు చేతులు వేసుకున్న బొమ్మ. ‘నల్లది తీసుకో, పని చేయించడం ఎలాగో ఉంటుంది’ అన్నారు మీరు. ‘నాకు పెత్తనం చెయ్యడం అక్కర్లేదు, నా వాళ్ళని కలుపుకుపోవడం ఎలాగో కావాలి’ అన్నాను నేను. ‘కలుపుకుపోవడానికి పుస్తకమెందుకు, నోరు కాస్త తగ్గిస్తే చాలు’ అన్నారు. షాపాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే పసుపుదాన్ని కొనేశాను, లోపల ఒక్క పేజీ తిప్పి చూడకుండా. పుస్తకం కోసం కాదు, మీ మీద గెలవడం కోసం. మీరు మాత్రం తక్కువ తిన్నారా? నాకు కనబడకుండా నల్లదాన్ని కూడా కొని, బీరువాలో నా బట్టల కింద పెట్టి వెళ్ళారు. చూసి, ‘తన మాట నెగ్గకపోతే ఈయనకి నిద్ర పట్టదు’ అని తిట్టుకున్నాను. దాన్ని విప్పలేదు.

పసుపు పుస్తకం మొదటి అధ్యాయంలోనే నాకు నచ్చిన సంగతి దొరికింది. జట్టుగా పనిచేసేచోట ‘నేను’ అనే మాట తగ్గించి ‘మనం’ అనడం అలవాటు చేసుకోవాలట. అది చదివాక నేను ఊరుకుంటానా? మర్నాడు పొద్దున్నే లాండ్రీలో అందరినీ నిలబెట్టి, ఈ రోజు నుంచి ఇక్కడ ‘నేను’ లేదు, ‘నువ్వు’ లేదు, ‘మీరూ మేమూ’ అసలే లేవు, ఉన్నదల్లా ‘మనం’ అని ప్రకటించాను. ఆ మధ్యాహ్నమే వ్యాను డ్రైవరు పొట్ట పట్టుకుని వచ్చి, ‘మేడమ్, మనకి కడుపునొప్పిగా ఉంది, మనం ఇంటికెళ్ళి పడుకుంటాం’ అన్నాడు. ఇస్త్రీ చేసే బాబాయి, ‘మనకి మిగిలింది ఒకటే దంతం, అదీ ఊగుతోంది తల్లీ’ అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే అలవాటైపోయింది. కొన్నాళ్ళకి ఎవరూ వేళాకోళానికి అనడం లేదు. మన మెషిను, మన వ్యాను, మన దుప్పట్లు. మీకు గొప్పగా రాశాను కూడా. మేనేజరుగారు ఒకసారి కిందికొచ్చి విని, ‘భలే మార్చేశారమ్మా వీళ్ళని’ అన్నారు. ‘నాదేముంది సర్, అంతా మనవాళ్ళ గొప్పతనమే’ అన్నాను, పుస్తకంలో చెప్పినట్టే. అని, మేడ మెట్లు ఎక్కిపోతున్న ఆయన్ని చూస్తూ, ఇంకోసారి పొగిడితే బాగుండునని నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే నర్సుల యూనిఫాంలు పాడయ్యాయి. నీలం రంగువి, కొత్తవి, మెషిను పట్టినన్ని. ఉతికి బయటికి తీస్తే రంగు దిగిపోయి, పెళ్ళలూడిన గోడలా ఉన్నాయి.

ఇది మీకు అర్థం కావాలంటే మా మెషిను సంగతి కొంచెం చెప్పాలి. దానికి పక్కన బ్లీచింగ్ మీట ఒకటి ఉంటుంది. మాసి పసుపెక్కిన దుప్పట్లు వేసేటప్పుడు దాన్ని పైకి తిప్పుతాం. అవి అయిపోగానే మళ్ళీ కిందికి దింపాలి. దింపకుండా రంగు బట్టలు వేస్తే అంతే సంగతులు. చిక్కేమిటంటే ఆ మీట గోడవైపు ఉంటుంది, వంగి చూస్తే గాని కనబడదు. అందుకని మెషినక్క ఎప్పుడో ఒక పద్ధతి పెట్టింది. మీట పైకి తిప్పినవాళ్ళు మెషిను తలుపు పిడికి ఒక ఎర్రగుడ్డ కట్టాలి. మీట దింపాకే గుడ్డ విప్పాలి. గుడ్డ లేదంటే మీట కిందనే ఉందని లెక్క. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు గుడ్డ లేదు, మీట మాత్రం పైన ఉంది. మెషినక్క ఆ మధ్యాహ్నం ఏదో సొంత పని కూడా చూసుకుని కాస్త ఆలస్యంగా భోజనం నుంచి వచ్చింది. గుడ్డ లేదు కదా అని యూనిఫాంలు వేసి బటన్ నొక్కింది.

హెడ్ నర్సు ఒక యూనిఫాం చేత్తో ఎత్తిపట్టుకుని మెట్లు దిగి వచ్చింది. వెనకాలే మేనేజరుగారు. ‘ఎలా జరిగింది?’ అన్నారు. అందరం వరసగా నిలబడ్డాం. నేను ఒకడుగు ముందుకేసి, ‘మన పొరపాటే సర్. మనమందరం చూసుకోవలసింది’ అన్నాను. మెషినక్క నావైపు ఎంత ఆపేక్షగా చూసిందో! మేనేజరుగారికి చిరాకేసింది. ‘అందరి పొరపాటూ ఎలా అవుతుందమ్మా? మెషిను దగ్గరున్నది ఎవరు?’ అన్నారు.

మెషినక్కే చెయ్యెత్తింది. ‘నేనేనండీ. పొద్దున దుప్పట్లు వేశాను. మీట దించాకే గుడ్డ విప్పినట్టు గుర్తు. ఒక మూట మిగిల్చి వెళ్ళినట్టు కూడా గుర్తు. వచ్చి చూస్తే మూట లేదు. అది కూడా నేనే వేసేసి, మరిచిపోయానో ఏమో. ఏమోనండీ’ అంది.

ఆ ‘ఏమోనండీ’ అన్నప్పుడు తన మొహం నేను చూశాను. తప్పు పట్టుబడినవాళ్ళ మొహం కాదు అది. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు పెడితే మెట్టు లేనివాళ్ళ మొహం.

తనని మెషిను మీంచి తీసేసి మురికి బట్టల గదిలో వేశారు. ఆస్పత్రి వార్డుల్లోంచి వచ్చిన మూటలు విప్పి, వేటికవి వేరుచేసే పని. అక్కడ కిటికీ ఉండదు. వాసనకి ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. తను ఆ పనికి ఏమీ అనలేదు. అన్నదల్లా తన మతి గురించే. ఇంటికి బయల్దేరి సగం దూరం వెళ్ళి, లాకరుకి తాళం వేశానో లేదో అని వెనక్కొచ్చేది. వేసే ఉండేది. అది చూసి ఊరట పడదు కదా, ‘చూశావా, వేసిన సంగతే గుర్తులేదు’ అని ఇంకా కుంగిపోయేది.

ఇంతవరకూ రాసింది మీకు వార్తే. ఇక్కడ కలం మూసి, లేచి వెళ్ళి, కొళాయి కింద గిన్నె ఒంపి వచ్చాను. అది నిండనైనా లేదు.

ఏవండీ, ఆ మీట పైకి తిప్పింది నేను.

పసుపు పుస్తకంలో ఇంకొకటి ఉంది. జట్టుకి పెద్దగా ఉన్నవాళ్ళు జట్టులో ప్రతి ఒక్కరి పనీ ఎప్పుడో ఒకసారి స్వయంగా చేసి చూడాలని. మిగతావాళ్ళతో పాటే మెషినక్క భోజనానికి వెళ్ళింది. దుప్పట్ల మూట ఒకటి మిగిలి ఉంది. తను వచ్చేలోగా వేసేద్దాం, వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంటుంది అనుకున్నాను. మీట తిప్పాను. గుడ్డ కట్టలేదు. మరిచిపోయానని రాయగలిగితే ఎంత బాగుండును! మరిచిపోలేదు. గుడ్డ నా కళ్ళెదురుగా మేకుకి వేలాడుతోంది. ‘ఒక్క మూటకే కదా, నేనిక్కడే ఉన్నాను కదా, ఇన్‌ఛార్జిని, నాకెందుకీ గుడ్డ?’ అనుకున్నాను. మూట అయింది. తీసి ఆరబెట్టే మెషినులో వేశానో లేదో, మేనేజరుగారు రమ్మంటున్నారని పైనుంచి కబురొచ్చింది. చేతులు తుడుచుకుని పరిగెత్తాను. మీట సంగతి మళ్ళీ తలపుకి రాలేదు. పైకి ఎందుకు రమ్మన్నారో తెలుసా? మా లాండ్రీలో అందరం ఎంత కలిసిమెలిసి పనిచేస్తున్నామో మిగతా సెక్షన్లవాళ్ళకి చెప్పమన్నారు. నేను చెబుతూనే ఉన్నాను, కింద యూనిఫాంలు తిరుగుతూనే ఉన్నాయి.

యూనిఫాం చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ‘నా పొరపాటు సర్’ అనడానికే ముందుకి అడుగేశాను, ఒట్టు. నోరు తెరిస్తే ‘మన పొరపాటు’ అని వచ్చింది. వచ్చాక, అబద్ధమేమీ కాదుగా, ‘మన’లో నేనూ ఉన్నానుగా అని సర్దిచెప్పుకున్నాను. కనీసం ‘మా పొరపాటు’ అన్నా మేనేజరుగారూ హెడ్ నర్సూ లెక్కలోంచి తప్పుకునేవారు. మన అనేసరికి వాళ్ళతో సహా అందరికీ పంచిపెట్టినట్టయింది. నా వాటా ఏదో వెతికినా దొరకదు. ఇన్నాళ్ళూ అందరిచేతా ముద్దుగా పలికించిన మాట చాటున వెళ్ళి నేను దాక్కున్నాను. మెషినక్కకి దాక్కోవడానికి మాట కూడా లేదు.

ఆ సాయంత్రమే బీరువాలోంచి మీ నల్ల పుస్తకం తీశాను. పని చెడినప్పుడు పైనున్నవాళ్ళు ముందు తమ పని దగ్గర నుంచే వెతకడం మొదలుపెట్టాలని మొదట్లోనే ఉంది. మూసేసి, మళ్ళీ బట్టల కింద పెట్టాను, ఈసారి ఇంకా అడుక్కి. పోనీ, తప్పంతా పసుపు పుస్తకానిదే అనుకుందామని దాన్ని తీశాను. తిరగేస్తే చివరి అధ్యాయంలో ఏముందనుకున్నారు? మంచి జరిగితే ‘మనం’ అనాలి, పొరపాటు జరిగితే ‘నేను’ అని ముందుకి రావాలి, ఈ రెండూ తారుమారు చెయ్యకూడదు అని. నేను అంతదాకా చదవలేదు. సగంలో ఆపేసి, అంతా వచ్చేసిందనుకున్నాను. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు ఇదీ: రెండు పుస్తకాలూ పనికొచ్చేవే. మీరు చెప్పిందీ నేను కొన్నదీ, రెండూ ఒకటే చెప్పాయి. షాపులో అంత పోట్లాడుకోనక్కర్లేకపోయింది.

ఇది ఇక్కడితో అయిపోలేదు. అయిపోతే ఇంత సిగ్గు ఉండేది కాదు.

మెషినక్క మానేస్తానని చెప్పాక నాకు అన్నం సయించలేదు. మర్నాడే పైకి వెళ్ళాను. ‘సర్, ఆ రోజు మీట తిప్పింది నేనే. గుడ్డ కట్టలేదు. నా పొరపాటు’ అన్నాను. ఈసారి ‘నా’ అనే అన్నాను. ఆయన నవ్వారు. ‘మీరిలా అంటారని నాకు తెలుసమ్మా. కిందివాళ్ళ తప్పు నెత్తిన వేసుకునే మనసు మీది’ అన్నారు. ‘కాదు సర్, నిజంగానే’ అన్నాను. ‘చాలు చాలు’ అంటూ నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగి, పని ఆపించి, అందరినీ పిలిచారు. ‘మీ మెషినక్కని కాపాడటానికి మీ మేడమ్ ఇప్పుడు నా దగ్గరకొచ్చి ఏమన్నదో తెలుసా? పెద్దరికమంటే ఇదీ’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మెషినక్క మురికి గదిలోంచి వచ్చి, చేతి తొడుగులు తీసేసి, నా రెండు చేతులూ పట్టుకుని, ‘నా కోసం ఇంత మాట మీదేసుకుంటావా చెల్లీ’ అని ఏడ్చింది.

అప్పుడైనా గట్టిగా అరిచి చెప్పవలసింది. చెప్పలేదు. గొంతు పెగల్లేదని రాయబోయి ఆగాను, అది కూడా అబద్ధమే. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. కాసేపు, నేను నిజంగానే అలాంటి మనిషిననిపించింది. మీట తిప్పినందుకు కాదు, గుడ్డ కట్టనందుకు కాదు, ఆ కాసేపు అలా నిలబడి ఆ చప్పట్లు విన్నందుకు నాకు ఇప్పటికీ చెవులు కాలిపోతున్నాయి. ఇంట్లో అద్దం ముందు తల దువ్వుకోవడం కూడా మొహమాటంగా ఉంటోంది.

ఇవాళ సాయంత్రం మెషినక్క ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, ఓ మూల గట్టు కట్టి దాన్నే వంటిల్లు చేసుకుంది. ఒక్కతే ఉంటుంది. నన్ను చూసి సంబరంగా కుర్చీ తుడిచి వేసింది. ‘ఏం పెట్టను చెల్లీ, పొయ్యి వెలిగించడం మానేశాను’ అంది. చూస్తే, పొయ్యి మీద న్యూస్‌పేపరు కప్పి ఉంది. పక్కన ఒక బ్రెడ్డు పొట్లం, అరటిపళ్ళు. ‘ఆర్పడం మరిచిపోతే నేనొక్కదాన్నే అయితే ఫరవాలేదు, కింద ఇంట్లో చంటిపిల్లలున్నారు. అందుకని ఈ మధ్య ఇవే తింటున్నాను. టీ ఒకటే, తాగకపోతే తలనొప్పి వస్తోంది. అదే అలవాటవుతుందిలే’ అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

కుర్చీలో కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను.

‘అక్కా, ఆ మీట నేనే తిప్పాను.’

‘మళ్ళీ మొదలుపెట్టావా? నీ మంచితనం పాడుగాను.’

‘మంచితనం కాదక్కా. ఆ మూట మిగిలే ఉంది. నువ్వు వేసి మరిచిపోలేదు. నేను వేశాను. చిరిగిన దిండు గలేబుతో కట్టి ఉంది కదూ?’

మూట గురించి తను అందరికీ చెప్పింది గాని, దేంతో కట్టిందో ఎవరికీ చెప్పలేదు.

‘అయితే మూట మిగిలింది’ అంది.

‘మిగిలింది.’

‘పొద్దున నేను మీట దించాను.’

‘దించావు. దించాకే గుడ్డ విప్పావు.’

‘అయితే నాకేమీ కాలేదు.’

‘ఏమీ కాలేదక్కా.’

మంచం మీద కూలబడింది. రెండు చేతులతో తల పట్టుకుని, ‘నా మతి నా దగ్గరే ఉంది, నా దగ్గరే ఉంది’ అని ఒకటే అనుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను దగ్గరికి వెళ్ళబోయాను. తల ఎత్తి చూసింది.

‘నేను చెయ్యెత్తి అందరి ముందూ ఒప్పుకున్నప్పుడు నీకు తెలుసా?’

‘తెలుసు.’

‘నీ చేతులు పట్టుకుని ఏడ్చినప్పుడు?’

‘తెలుసు.’

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా ఎదురుచూశాను. తిట్టలేదు. ‘రేపు అందరి ముందూ ఆ మూట సంగతి చెప్పండి’ అంది. చెప్పు అనలేదండీ. చెప్పండి అంది. నేను ఇన్‌ఛార్జిని అయినా మారని పిలుపు, అక్కడ నా కళ్ళెదురుగా మారిపోయింది.

తరవాత లేచి వెళ్ళి, పొయ్యి మీది పేపరు తీసి, మడిచి పక్కన పెట్టింది. అగ్గిపుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది, రెండోదానికి పొయ్యి వెలిగింది. పాలు పోసి, టీ కాచుకుంది. పొయ్యి ఆర్పి, ఒక్కసారే చూసుకుంది. మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు. ఒకే గ్లాసులో పోసుకుని, కిటికీ దగ్గర నిలబడి, నావైపు వీపు పెట్టి తాగింది. తాగుతున్నంతసేపూ భుజాలు కదిలాయి. నాకు ఇవ్వలేదు. వస్తానక్కా అని చెప్పడానికి కూడా మొహం చాలక, గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

రేపు పని మొదలయ్యేముందు అందరినీ నిలబెట్టి చెప్పాలి. మేనేజరుగారికి కూడా ఫోను చేసి కిందికి రమ్మన్నాను. మళ్ళీ నవ్వితే గలేబు సంగతితో సహా చెబుతాను. ఇన్‌ఛార్జి పదవి పోతుందేమో, పోతే ఇస్త్రీ బల్ల ఎక్కడికీ పోలేదు. నాకు భయం దానికి కాదు. చెబుతూ చెబుతూ మళ్ళీ ఏదో ఒక మంచి మాట దొరికితే దాని చాటుకి వెళ్ళిపోతానేమోనని భయం. నా సంగతి మీకంటే నాకే బాగా తెలుసు. అందుకని ఈ ఉత్తరం కవరు అంటించకుండా సంచిలో పెట్టుకుని వెళుతున్నాను, ఏం చెప్పానో రాశాకే అంటిస్తాను.

అమ్మాయి నిద్రపోయింది. మీకు ముద్దులు చెప్పమంది. నావి కూడా రాయాలని ఉంది గాని, ఇవాళ వద్దు.

ఇట్లు,
మీ ముందు తలెత్తి చూడలేకపోతున్న
మీ ఇంటావిడ

తా.క.: చెప్పాను. ఈసారి అందరూ నమ్మారు. మెషినక్క పని మానడం లేదు. నాతో మాట్లాడటం కూడా లేదు.